కత్తి మీద ‘ఇన్ హోక్ సిగ్నో వించెస్’: తెలుగులో ఎలా అనాలి?

ఒహాయోలో పాత సామాన్ల దుకాణంలో దొరికిన కత్తి ఫోటో పెట్టి, మన సభ్యులొకరు రెండు సంగతులు అడిగారు. అలుగు మీద ఉన్న ‘ఇన్ హోక్ సిగ్నో వించెస్’ అనే లాటిన్ మాటకు తెలుగు ఏమిటి? దుకాణం వాళ్లు చెప్పినట్టు ఇది క్రూసేడ్ల (మధ్యయుగంలో క్రైస్తవులు చేసిన మతయుద్ధాల) నాటి కత్తేనా?

ముందు రెండోది తేల్చేద్దాం. కాదండీ. క్రూసేడ్లలో పోరాడిన టెంప్లర్లు అనే క్రైస్తవ యోధుల సంఘాన్ని పోపు 1312లోనే రద్దు చేశారు. చాలా కాలం తర్వాత ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంలో ఒక క్రైస్తవ శాఖ ‘నైట్స్ టెంప్లర్’ అని ఆ పేరే పెట్టుకుంది. కత్తి మీది లాటిన్ మాట వాళ్ల నినాదం. 19వ శతాబ్దం రెండో సగంలో అమెరికాలో ఇలాంటి సోదర సంఘాలు ఊరూరా ఉండేవి. సభ్యులు యూనిఫాం వేసుకుని, ఈకల టోపీ పెట్టుకుని, నడుముకు కత్తి కట్టుకుని కవాతు చేసేవారు. ఇది ఆ కవాతు కత్తి. అలుగు సన్నగా, తిన్నగా ఉంది, వాదరకు పదును లేదు. పిడికి ఆనుకుని అలుగు మొదట్లో చిన్న అక్షరాలున్నాయి, ఫోటో పెద్దది చేసి చూడండి: ‘ఎం.సి. లిల్లీ, కొలంబస్, ఒహాయో’. సోదర సంఘాలకు యూనిఫాంలు, కత్తులు అమ్మిన కంపెనీ అది. మసాచుసెట్స్‌లో చికోపీకి చెందిన ఏమ్స్, సిన్సినాటీలో పెటిబోన్ కూడా ఇదే వ్యాపారం చేశాయి.

ఇక మాట సంగతి. క్రీ.శ. 312లో రోమ్ దగ్గర మిల్వియన్ వంతెన యుద్ధానికి ముందు కాన్‌స్టాంటైన్ చక్రవర్తికి ఆకాశంలో శిలువ గుర్తు, దానితో పాటు ఒక వాక్యం కనిపించాయని చరిత్రకారుడు యూసీబియస్ గ్రీకులో రాశాడు. గ్రీకులో అది ఆజ్ఞ: ‘దీనితో గెలువు’. లాటిన్‌లో ‘వించెస్’ భవిష్యత్తు: ‘గెలుస్తావు’. ఆజ్ఞ కాస్తా అభయం అయింది. తెలుగులో ఆ తేడా నిలబడాలి కాబట్టి ‘గెలువుము’ అని ఒకరిచ్చిన సూచన నాకు నచ్చలేదు.

‘ఈ చిహ్నంలో గెలుస్తావు’ అని మరొకరు రాశారు. ‘ఇన్’ ఉంది కదా అని ‘లో’ పెడితే తెలుగు చెవికి అర్థమే అందదు. ఇక్కడ కావలసింది తృతీయా విభక్తి. చేతన్, చేన్, తోడన్, తోన్ అని బడిలో అందరం వల్లె వేసిందే. వాటిలో ‘తోడన్’ సాధనాన్నీ చెబుతుంది, వెంట ఉండటాన్నీ చెబుతుంది. శిలువ గుర్తుకు రెండూ సరిపోతాయి. నా ఓటు దీనికి: ‘ఈ గుర్తు తోడుగా గెలుస్తావు’. ‘గెలుస్తారు’ అననక్కరలేదు. లాటిన్‌లోనూ ఏకవచనమే, దైవవాక్కు చేత భక్తుణ్ణి మనం కూడా ‘నువ్వు’ అనే పిలిపిస్తాం.

కింద ఒకరు అడిగారు: ‘మా ఇంటి దగ్గర వేలంలో చూసిన కత్తికి కూడా పిడి చివర శిరస్త్రాణం పెట్టుకున్న వీరుడి తల ఉంది. అదీ టెంప్లర్ కత్తేనా?’

తలను బట్టి చెప్పలేమండీ. ఆ తల నైట్స్ ఆఫ్ పిథియస్ అనే మరో సోదర సంఘం కత్తుల మీదా ఉంటుంది. పుర్రె బొమ్మ కూడా అంతే, ఒకటికి మించిన సంఘాలు వాడాయి. అక్షరాలు చూడండి. ఎఫ్, సి, బి ఉంటే పిథియస్ వాళ్లది: స్నేహం, దాతృత్వం, పరోపకారం అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. 1864లో వాషింగ్టన్‌లో, అమెరికా అంతర్యుద్ధం ఇంకా సాగుతుండగానే పుట్టిన సంఘం అది. ఒకరి కోసం ఒకరు ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడిన డేమన్, పిథియస్ అనే మిత్రుల పాత గ్రీకు కథే వాళ్లకు ఆధారం. ఒకదానిలో ఒకటి పడిన మూడు గొలుసు కడియాలు, ఎఫ్, ఎల్, టి అక్షరాలు ఉంటే ఆడ్ ఫెలోస్ అనే సంఘానిది: స్నేహం, ప్రేమ, సత్యం. పిడి చివర కొలంబస్ తల ఉంటే మాత్రం అది 1882లో కనెక్టికట్‌లో మొదలైన క్యాథలిక్ సంఘం, నైట్స్ ఆఫ్ కొలంబస్.

అలుగు మీద లతల అల్లిక మధ్య తరచు ఒక మనిషి పేరు కూడా ఉంటుంది. అది కత్తి సొంతదారు పేరు. మసక అక్షరాలు తేలాలని పాలిష్ పెట్టి రుద్దకండి. ఆ రాత లోతుగా చెక్కింది కాదు, ఆమ్లంతో పైపైన తేల్చింది, రుద్దితే పోతుంది. పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ఫోటో తీసి ఇక్కడ పంపండి, అందరం కలిసి చదువుదాం.