‘సాంద్రత 70%’ అనొచ్చా?

సీతమ్మధార: ల్యాబ్ సూచనల పత్రంలో వాక్యమిది: “సాంద్రత 70% ఉన్న ఆల్కహాల్ కోసం 70 మి.లీ. ఆల్కహాల్‌కి 30 మి.లీ. నీళ్లు కలపాలి.” సరేనా మాస్టారూ?

గాజువాక: శాతంలో చెప్పేది గాఢతమ్మా, అంటే మిశ్రమంలో ఆల్కహాల్ ఎంత వంతుందో అది. సాంద్రతకి శాతం ఉండదు, మి.లీ.కి ఇన్ని గ్రాములనాలి. పైగా ఇక్కడ రెండూ ఎదురెదురుగా నడుస్తాయి, గాఢత పెరిగితే సాంద్రత తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర 50 శాతం మిశ్రమం సాంద్రత 0.930, డెబ్బైది 0.886, తొంభై అయిదుది 0.811. ‘సాంద్రత ఎక్కువున్నది పట్రా’ అంటే కుర్రాడు నీళ్లెక్కువున్న సీసా తెస్తాడు, తప్పు వాడిది కాదు.

పరవాడ: ‘కలపాలి’ కూడా కుదరదు. 50 మి.లీ. ఆల్కహాల్, 50 మి.లీ. నీళ్లు కలిస్తే సుమారు 96.5 మి.లీ.యే. బరువులు కూడతాయి, ఘనపరిమాణాలు కూడవు. ఆ ఆల్కహాల్ బరువు 39.5 గ్రాములు, నీళ్లది 49.9, కలిపితే 89.4. అందులో ఆల్కహాల్ బరువు 44 శాతం పైచిలుకు. సాంద్రతల పట్టికలో దానికున్న 0.926తో 89.4ని భాగించండి, ఆ 96.5 వస్తుంది.

సీతమ్మధార: మా దగ్గరున్నది 95 శాతం. అందులో 73.7 మి.లీ. తీసుకుంటే 70 మి.లీ. ఆల్కహాల్ వస్తుంది కదా, 73.7కి 26.3 నీళ్లు అని రాస్తే?

పరవాడ: 71.7 శాతం దగ్గర తేలుతుంది. “73.7 మి.లీ. తీసుకుని, మొత్తం 100 మి.లీ. అయ్యేదాకా డిస్టిల్డ్ వాటర్ పోయాలి” అని రాయండి. నీళ్లు 28.8 దాకా పడతాయి గానీ ఆ అంకె పత్రంలో వద్దు, దాన్నే కొలిచి పోసేస్తారు.

మర్రిపాలెం: ‘చల్లారాక’ కూడా చేర్చండి. కలపగానే వేడెక్కుతుంది, బుడగలొస్తాయి. అప్పుడే 100 మి.లీ. గీత దాకా నింపితే తర్వాత మట్టం దిగిపోతుంది. గీతకి కాస్త కిందే ఆపి, 20 డిగ్రీలకి వచ్చాక మిగతాది పోయాలి. మన విశాఖలో ఏసీ లేని గది 30 డిగ్రీలుండటం మామూలే. ఆ వేడిలో 20 డిగ్రీలకి గీతలు పెట్టిన హైడ్రోమీటర్ (సాంద్రతని బట్టి శాతం చూపే, తేలే గొట్టం) ముంచితే డెబ్బై శాతాన్ని దాదాపు 73 అంటుంది.

సీతమ్మధార: గాఢత బదులు ‘ఘాటు’ అంటే తేలిగ్గా ఉండదూ?

గాజువాక: ఘాటు ముక్కుకి తెలిసేది, కొలతకి పనికిరాదు. “ఘనపరిమాణంలో 70 శాతం గాఢత” అని పూర్తిగా రాయండి. ‘ఘనపరిమాణంలో’ వదిలేస్తే ఎవరో ఒకరు తూకమేసి కలుపుతారు. డెబ్బై అంటే బరువులో 62.4 శాతమే.