‘బిబ్లియోతెక్’ అంటే గ్రంథాలయమేనా?

మొన్న ఒక చిన్న పరిచయ వ్యాసం రాస్తూ బోల్తా పడ్డాను. అగస్తీన్ ద బాకర్ అనే బెల్జియం పాదిరీ గురించి. ఆయన పెద్ద పుస్తకం పేరు ‘బిబ్లియోతెక్’ అనే ఫ్రెంచి మాటతో మొదలవుతుంది. నిఘంటువు చూసి ‘యేసు సభ రచయితల గ్రంథాలయం’ అని రాసేశాను. లైబ్రేరియన్‌గా రిటైరైన మా మాస్టారు చదివి, “ఇంతకీ ఆ గ్రంథాలయం ఏ ఊళ్ళో ఉందోయ్?” అన్నారు.

ఏ ఊళ్ళోనూ లేదు. అది పుస్తకాల గురించిన పుస్తకం. యేసు సభ అనే కతోలిక్ సన్యాసుల సంఘం వాళ్ళు, అంటే జెస్యూట్లు, ఎవరెవరు ఏమేం రాశారో, ఏ ఊళ్ళో ఏ ఏడు అచ్చయిందో, ఎన్నిసార్లు మళ్ళీ అచ్చయిందో చెప్పే పుస్తకం. అంతకుముందు లాటిన్‌లో ఇలాంటివి ఉన్నాయి. 1608లో రిబదెనైరా వేశాడు, 1643లో అలెగాంబ్ పెంచాడు, 1676లో సౌత్‌వెల్ ఇంకా పెంచాడు. అక్కడితో ఆగిపోయింది. 1773లో పోపు ఆ సభనే రద్దు చేశాడు. వాళ్ళ పుస్తకాలు నలుదిక్కులా చెదిరిపోయాయి. సభ మళ్ళీ బతికింది 1814లో. బాకర్ 1809లో ఆంట్‌వెర్ప్‌లో పుట్టి, 1835లో సభలో చేరాడు. అంటే ఆయన పూడ్చవలసిన గండి దాదాపు రెండు వందల ఏళ్ళది. తమ్ముడు అలోయిస్‌ను తోడు పెట్టుకుని 1853 నుంచి 1861 దాకా లీయెజ్‌లో ఏడు సంపుటాలు వేశాడు. తంటా ఏమిటంటే, ప్రతి సంపుటమూ మళ్ళీ ‘ఎ’తో మొదలై ‘జెడ్’తో ముగుస్తుంది. ఒక రచయిత కోసం ఏడూ తిరగెయ్యాలి! అందుకే అన్నిటినీ ఒకే వరసలోకి తెచ్చి, మూడు పెద్ద సంపుటాలుగా రెండో కూర్పు మొదలుపెట్టారు. అది 1876లో పూర్తయ్యేసరికి ఆయన లేడు, 1873లోనే పోయాడు. ఆ పనిలో చేయి కలిపిన సొమ్మెర్‌వోజెల్ 1890 నుంచి ఇంకా పెద్ద కూర్పు తెచ్చాడు.

ఇప్పుడు మాట సంగతి. గ్రీకులో ‘బిబ్లియోన్’ అంటే పుస్తకం, ‘థేకే’ అంటే పెట్టె, ఒర. పుస్తకాలు దాచే పెట్టె కాస్తా పుస్తకాలుండే గది అయింది, తర్వాత పుస్తకాల వివరాలు దాచే పుస్తకం కూడా అయింది. మనకు ఇదే దారిలో నడిచిన మాట ఉంది: కోశం. ఒర అదే, ధనాగారం అదే, అమరకోశమూ అదే. ‘జాబితా’ అంటే నాకు కిరాణా కొట్టు గుర్తొస్తుంది. ‘సూచి’ అంటే పుస్తకం చివరి పేజీలు. కాబట్టి ‘యేసు సభ రచయితల కోశం’ అందామని నా మాట.

ఇంకో ముచ్చట. ‘థేకే’లో ఉన్న ధాతువూ మన ‘నిధి’లో ఉన్న ‘ధా’ ధాతువూ అక్కచెల్లెళ్ళే. గ్రీకు, లాటిన్, సంస్కృతాల చుట్టరికం గురించి బ్రిటిష్ పండితుడు విలియం జోన్స్ చేసిన 1786 ప్రసంగానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందే పారిస్ పండితులకు రాసిన కేర్దూ అనే పాదిరీ జెస్యూటే. 1779లో పుదుచ్చేరిలో పోయాడు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు ఒకటి ఆయన పేరున ఉంది. సొమ్మెర్‌వోజెల్ కూర్పులో ఆయనకూ చోటుంది. అంటే ఆ పెట్టెలో మన తెలుగు ముక్క కూడా ఒకటి ఉందన్నమాట.

ఒక పాఠకురాలి జవాబు: కోశం బాగుందండీ. కానీ జనం డిక్షనరీ అనుకోరూ? ‘సర్వస్వం’ అంటే? అయ్యంకి వెంకట రమణయ్య గారి పత్రిక ‘గ్రంథాలయ సర్వస్వం’ ఉండనే ఉందిగా.

నా జవాబు: ‘విజ్ఞాన కోశం’ అంటే ఎవరూ డిక్షనరీ అనుకోవడం లేదు కదా అక్కా. సర్వస్వం అందమైన మాటే. కానీ బాకర్ పని ఏనాడూ ‘సర్వం’ కాలేదు, ప్రతి కూర్పుకీ కొత్తవి దొరుకుతూనే వచ్చాయి. నా అసలు చిక్కు మనిషికి పెట్టే పేరు. పుస్తకం కోశమైతే బాకర్ ‘కోశకారుడు’ కావాలి, ఆ మాట నిఘంటుకర్తలు ఎప్పుడో పట్టుకుపోయారు. ‘గ్రంథసూచీకారుడు’ అనడానికి నాలుక తిరగడం లేదు. ఎవరి దగ్గరైనా పొట్టి మాట ఉంటే ఇవ్వండి, వ్యాసం ఆదివారానికి పంపాలి.