‘తను వస్తానని చెప్పాడు’: ఈ వాక్యంలో ఉన్నది ఎవరి గొంతు?

“రవి తను రేపు వస్తానని చెప్పాడు.” రోజూ వాడే ఈ వాక్యాన్ని ఒక్క క్షణం ఆగి చూడండి. ‘తను’ ప్రథమ పురుష, ‘వస్తాను’ ఉత్తమ పురుష. కర్తకూ క్రియకూ పొంతన లేకపోయినా మన చెవికి ఇందులో తప్పేమీ తోచదు. ఎందుకంటే రవి మాటను మనకు చేరవేసేవాడు సర్వనామాన్ని తన వైపు నుంచి మార్చుకున్నాడు గాని, క్రియను రవి నోట వచ్చినట్టే ఉంచాడు.

ఇంగ్లీషులో ఇండైరెక్ట్ స్పీచ్ దగ్గర మనకు ఎదురయ్యే చిక్కు చాలావరకు ఇక్కడే పుడుతోందని నా అభిప్రాయం. ‘అని’ ఎదుటివారి మాటను ఉన్నదున్నట్టు మోసుకురాగలదు కనుక, “నేను వస్తానని రవి చెప్పాడు” అన్నప్పుడు వచ్చేది రవే కావచ్చు. అదే అలవాటుతో “రవి సెడ్ దట్ ఐ విల్ కమ్” అంటే, వచ్చేది రవి కాదు, ఆ వాక్యం పలుకుతున్న మనం. ‘దట్’కు ‘అని’కున్న శక్తి లేదు. దాని తరువాత వచ్చే వాక్యం, మాటను చేరవేసేవాడి చోటు నుంచి, అతని కాలం నుంచి నడవాలి గనుకనే ‘ఐ’ కాస్తా ‘హి’, ‘విల్’ కాస్తా ‘వుడ్’ అవుతాయి. దీన్ని పట్టికగా బట్టీ పట్టించడం నాకు బాధ కలిగిస్తుంది. ఉదయం విన్న మాటను అదే సాయంత్రం మరొకరికి చెప్పేటప్పుడు ‘టుమారో’ను ‘ద నెక్స్ట్ డే’గా మార్చవలసిన అవసరమే లేదు, ఆ రేపు ఇద్దరికీ ఒకటే. పట్టిక మాత్రం మార్చమంటుంది.

తెలుగు స్పష్టంగా చెప్పగలిగినదాన్ని ఇంగ్లీషు చెప్పలేని సందర్భమూ ఉంది. “రవి తను వస్తానని చెప్పాడు” అంటే వచ్చేది రవి. “రవి అతను వస్తాడని చెప్పాడు” అంటే వచ్చేది మరొకరు. ఇంగ్లీషులో రెండింటికీ “రవి సెడ్ హి వుడ్ కమ్” అన్న ఒక్క వాక్యమే.

ఇక కథనంలో, “షి వుడ్ లీవ్ టుమారో. వై షుడ్ షి వెయిట్?” వంటి వాక్యాలు చూడండి. ‘షి సెడ్’ లేదు, ‘షి థాట్’ లేదు. ‘షి’, ‘వుడ్’ కథకుడివి. ‘టుమారో’, ఆ ప్రశ్న, అందులోని విసుగు పాత్రవి. స్విట్జర్లాండ్ భాషావేత్త షార్ల్ బాయీ ఫ్రెంచిలో ఈ పద్ధతిని 1912లో వివరించి, ‘స్వేచ్ఛా పరోక్ష శైలి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఒకే వాక్యంలో రెండు గొంతులు కలవడం మనకు కొత్త కాదు. మన ‘తను వస్తానని’లోనూ జరిగేది అదే. కాకపోతే ఇంగ్లీషు క్రియను కథకుడికి అప్పగిస్తే, మనం దాన్ని పాత్ర దగ్గరే ఉంచుతాం.

ఆ వాక్యాలను తెలుగు చేయవలసి వస్తే “రేపే వెళ్లిపోతుంది. తనెందుకు ఆగాలి?” అని రాస్తాను. ‘అని’ లేదు, ‘అనుకుంది’ లేదు. ‘తను’ను తీసి ‘ఆమె’ పెట్టి చదవండి, ప్రశ్న వెంటనే కథకుడిదైపోతుంది.