గ్వాంగ్‌జౌ ఉద్యానాల్లో ఉదయపు సందడి: ఊరి ఉమ్మడి బతుకా, ఇరుగుపొరుగుకు ఇబ్బందా?

రేవుగట్టు: మా అత్తగారి తాతగారు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి మలయాకు వలస వచ్చినవారు. నేను మలేషియాలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టాను. పోయిన నవంబరులో 74 ఏళ్ల అత్తగారిని తీసుకొని తొలిసారి ఆ ఊరు చూసి వచ్చాం. పూర్వీకుల ఇల్లు దొరకలేదు గాని, యుయేషియు ఉద్యానంలో మర్రిచెట్ల కింద పొద్దున్నే ఊరంతా కనిపించింది. నడుమ నది గీసిన పలక మీద ఇద్దరు చైనా చదరంగం ఆడుతుంటే చుట్టూ పదిమంది నిలబడి ఎత్తులు చెబుతున్నారు. ఒక పెద్దాయన పొడవాటి కుంచెను నీళ్లలో ముంచి రాతిబండల మీద అక్షరాలు రాస్తున్నారు. చివరి అక్షరం పూర్తయ్యేసరికి మొదటిది ఆరిపోతోంది. ఈకల బంతిని కాళ్లతో ఎగరేస్తున్న స్త్రీలు అత్తగారిని అక్కడి భాష కాంటనీస్‌లో పలకరించి, తమ వలయంలో చోటిచ్చారు. కౌలాలంపూర్ ఫ్లాటులో రోజంతా మౌనంగా ఉండే మనిషి అక్కడ గొంతెత్తి మాట్లాడారు. ఇలాంటి ఆరుబయటి జీవితాన్ని మన నగరాలు కూడా నేర్చుకోవాలి.

మందులచీటి: నేను అదే నగరంలో వైద్యవిద్య చదివాను. నా కిటికీ కింద ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం స్పీకరు పెట్టి గ్వాంగ్‌చాంగ్‌వూ, అంటే మైదాన నృత్యం, చేసేవారు. శబ్దం తగ్గించమని నాలుగుసార్లు అడిగాను, తగ్గించలేదు. ఆ ఏడాది ఒక పరీక్ష తప్పాను. అతిథిగా అయిదు రోజులు చూసినవారికి అది సంబరంగానే ఉంటుంది.

పాలపిట్ట: 2014లో చైనాలోనే మరో నగరమైన వెన్‌జౌలో ఒక నివాస సముదాయం వారు ఈ నృత్యాల హోరు భరించలేక 2,60,000 యువాన్లు పోగుచేసి, ఎదురు మోగించడానికి పెద్ద స్పీకర్లు కొన్నారు.

రేవుగట్టు: నేను రాసింది చదరంగం గురించి, ఈకల బంతి గురించి. వాటికి స్పీకర్లు ఉండవు.

మందులచీటి: ఉద్యానంలో నచ్చిన మూలను మాత్రమే చూపి మొత్తం నగరాన్ని మెచ్చుకోవడం సరికాదు. అడిగినప్పుడు శబ్దం తగ్గించాలా, వద్దా? ఆ ఒక్కదానికి జవాబు చెప్పండి.

పాలపిట్ట: తగ్గించాలి. 2022 జూన్ 5 నుంచి అమలులోకి వచ్చిన చైనా శబ్దకాలుష్య చట్టం ప్రకారం, ఉద్యానాల్లో వ్యాయామం, వినోదం చేసేవారు నిర్ణీత స్థలం, సమయం, శబ్దస్థాయి పాటించాలి.

రేవుగట్టు: చట్టాన్ని ఒప్పుకుంటాను. అయినా మీ కోపమంతా శబ్దం మీదే అనిపించడం లేదు. ముసలివాళ్లు గదిలో కూర్చోక, నలుగురి ఎదుట చేతులు చాపి ఆడటమే మీకు నచ్చడం లేదు.

మందులచీటి: ఆ మాట వెనక్కి తీసుకోండి. నాకు భాష వచ్చాక వాళ్లతో కూర్చొని మాట్లాడాను. చైనాలో దశాబ్దాల పాటు కార్మిక స్త్రీలకు 50 ఏళ్లకే పదవీవిరమణ. 2025 నుంచే ఆ వయసు క్రమంగా పెరుగుతోంది. ఉద్యోగం ముగిసి, ఒక్కగానొక్క బిడ్డ వేరే నగరానికి వెళ్లిపోతే, ఇల్లు ఖాళీ అయి వాళ్లు ఆ చెట్ల కిందికి వచ్చారు. వాళ్ల ఒంటరితనాన్ని మీరు సంస్కృతి అంటున్నారు. విజయవాడలో మా అమ్మ కూడా ఒంటరిగానే ఉంది. రేపు ఆవిడ రోడ్డు మీద ఆడితే ఎవరో ఫొటో తీసి మెచ్చుకుంటారు, నేను మాత్రం ఇంటికి వెళ్లని కొడుకునే.

రేవుగట్టు: ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. అయితే మా అత్తగారు ఒంటరి కారు. కొడుకు, కోడలు, మనవలు ఇంట్లోనే ఉన్నాం. అయినా ఆమె భాషలో ఆమె వయసువారు ఆమెను ఆటకు పిలవడం మా ఇంట్లో మేమెవరం ఇవ్వలేనిది. బిడ్డలు దగ్గరుంటే ఉద్యానం అక్కర్లేదన్న మీ లెక్కను నేను ఒప్పుకోలేను.

మందులచీటి: ఆ స్త్రీలలో ఎంతమంది బిడ్డలు దగ్గరున్నవారో మీరు అడిగారా?

రేవుగట్టు: అడగలేదు. వాళ్లిచ్చిన ఈకల బంతి అత్తగారి దిండు పక్కనే ఉంది. చలికాలంలో మళ్లీ వెళ్దామంటున్నారు. ఈసారి అడిగి వస్తాను.