అప్‌డేట్: ఉబుంటులో రామభద్ర ఫాంట్ వచ్చేసింది

విండోస్‌లో రామభద్ర ఫాంట్‌తో చేసిన మా చెల్లి శుభలేఖ, ఉబుంటు (లినక్స్) ల్యాప్‌టాప్‌లో తెరిస్తే వేరే అక్షరాలతో కనబడుతోందని అడిగాను కదా. పనైపోయింది, అందరికీ థ్యాంక్స్.

గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే జిప్ దించుకుని, అందులోని టీటీఎఫ్ ఫైలును (అసలు ఫాంట్ అదే) హోమ్‌లో .లోకల్/షేర్/ఫాంట్స్ ఫోల్డర్లో పడేశాను. లోకల్ ఫోల్డర్ దాగి ఉంటుంది, కంట్రోల్-హెచ్ నొక్కితేనే బయటపడుతుంది. టెర్మినల్లో ఫాంట్ల జాబితాను తాజా చేసే ఎఫ్‌సీ-క్యాష్ (fc-cache) కమాండ్ కొట్టి, శుభలేఖ తెరిచిన లిబ్రేఆఫీస్ మూసి తెరిచేసరికి "శ్రీరస్తు" వత్తులతో సహా దిట్టంగా కూర్చుంది. అంతకుముందు పైన బాక్సులో ఫాంట్ పేరు ఇటాలిక్‌లో కనిపించేది; సిస్టమ్‌లో అది లేదని చెప్పే పద్ధతట. ఎవరికి తెలుస్తుంది చెప్పండి!

అన్నయ్య మ్యాక్‌లో ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఫాంట్ బుక్ తెరుచుకుంది, ఇన్‌స్టాల్ నొక్కాడు, అంతే. విండోస్ వాళ్లకో మాట: రైట్ క్లిక్ చేసి అందరు యూజర్లకూ ఇన్‌స్టాల్ చేసే ఆప్షనే ఎంచుకోండి. మామూలుగా చేస్తే మీ ఒక్క అకౌంట్‌కే పడుతుంది, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లకు కనబడదు.

ప్రెస్సుకు మాత్రం ఫాంట్‌ను లోపలే పొదిగిన పీడీఎఫ్ పంపాను. ఇక మిగిలింది బాబాయి "అను" అనే పాత తరహా తెలుగు ఫాంట్స్‌లో కొట్టించిన పాత వంశవృక్షం. అది యూనికోడ్ (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతి) కాదు, రామభద్ర పెడితే గజిబిజి ఇంగ్లీషు అక్షరాలే వస్తున్నాయి. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి.