కొత్త మిల్లింగ్ మెషిన్: విప్పి కడిగాకే ఆన్ చేయాలా, వచ్చింది వచ్చినట్టే నడపాలా?

కార్‌షెడ్ కార్ఖానా
అందరికీ నమస్కారం. బెంగళూరు విద్యారణ్యపురలో మా ఇంటి కార్ షెడ్డులోకి నిన్న మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసేది) దిగింది. కారు ఇక రోడ్డు మీదే. స్టాండుతో కలిపి 300 కిలోలు, చదరపు కాలమ్, ఆర్8 రకం స్పిండిల్ (కట్టర్‌ని పట్టుకుని తిరిగే ఇరుసు), సింగిల్ ఫేజ్ 1.5 కిలోవాట్ మోటారు, వేగం మార్చే బోర్డు లోపలే ఉంది. హైడ్రా క్రేన్ మా సందులోకి రాదన్నారు, మూల మీద దింపేసి వెళ్లిపోయారు. అక్కడి నుంచి జీఐ పైపులు వేసి దొర్లించుకుంటూ తెచ్చేసరికి ఆరుగురికి రెండు గంటలు పట్టింది.

పెట్టె విప్పితే ఒళ్లంతా ఎర్రటి జిగురు గ్రీజు. వేలితో తీస్తే తారులా సాగుతోంది. ఆత్రం ఆపుకోలేక టేబుల్‌ని ఎడమకీ కుడికీ జరిపే ఎక్స్ హ్యాండిల్ ఒకసారి తిప్పి చూశాను. మధ్యలో ఒకచోట కరకరమంది, టేబుల్ కుడి చివరికి వచ్చేసరికి బిగుసుకుపోతోంది.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "ఏమీ విప్పకండి సార్, విప్పితే వారంటీ ఉండదు" అన్నారు. ఆఫీసులో మెకానికల్ చదివిన ఇద్దరిని అడిగాను. ఒకాయన బోల్టు బోల్టూ విప్పమన్నాడు, ఇంకొకాయన ముట్టుకోవద్దన్నాడు. మీరేమంటారు?

పీణ్య పాతకాపు
తమ్ముడూ, విప్పు. ఆలోచించకు.

ఆ ఎర్రది నడవడానికి వేసిన నూనె కాదు, ఓడలో తుప్పు పట్టకుండా పూసింది. ఫ్యాక్టరీలో గ్రైండింగ్ ధూళి, పోత ఇసుక, పెట్టె చెక్కపొట్టు, అన్నీ అందులోనే అతుక్కుని వస్తాయి. నువ్వు హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ ఆ ముద్ద గిబ్‌కీ (స్లైడ్ వదులు సరిచేసే ఏటవాలు పట్టీ) స్లైడ్‌కీ మధ్య ఎమరీ పేపర్ పని చేస్తుంది. కరకర అన్నావు చూడు, అదే.

హ్యాండిల్, డయల్ కాలర్, బేరింగ్ బ్రాకెట్ విప్పి లీడ్ స్క్రూని (టేబుల్‌ని జరిపే పొడుగాటి మర) నట్టులోంచి తిప్పి బయటికి తియ్యి. గిబ్ స్క్రూ వదులు చేసి గిబ్ లాగు. సన్న చివర ఏ వైపుందో మార్కర్‌తో ముందే గుర్తు పెట్టుకో. ఇక టేబుల్ పక్కకి జారుతుంది. ఒక్కడివే లేపకు, నడుము పట్టేస్తుంది. కిరసనాయిలు ఇప్పుడు సులువుగా దొరకట్లేదు, డీజిల్ వాడు. పెట్రోల్ మాత్రం వద్దు, మూసిన షెడ్డులో అసలే వద్దు. కాటన్ వేస్ట్‌తో తుడిచి, 68 నంబర్ స్లైడ్ ఆయిల్ పల్చగా పూసి ఎక్కించు. ఒక ఆదివారం పని.

మైక్రాన్ మామ
పాతకాపు గారి అనుభవం ముందు నేనెంత, కానీ ఈ సలహా వరస తప్పింది. ఇతను మొదటిసారి మిల్లింగ్ మెషిన్ కొన్నవాడు. ముందు కొలవాలి, ఆ తర్వాతే విప్పాలి. స్పిండిల్ ఎంత కొట్టుకుంటోంది, స్క్రూల్లో ప్లే (వదులు) ఎంత ఉంది, కాలమ్ నిలువుగా ఉందా, ఇవన్నీ డయల్ గేజ్ (సూదితో సన్న తేడాలు చూపేది) పెట్టి రాసి, ఫోటోలు తీసి అమ్మినవాళ్లకు పంపాలి. విప్పేశాక 0.2 మిల్లీమీటర్ల తేడా కనిపించిందనుకోండి. అది ఫ్యాక్టరీ తప్పా, మనం బిగించిన తప్పా? వాళ్లు ఏమంటారో చెప్పనక్కర్లేదు.

వారంటీ కాగితం చిత్తు కాగితమని అందరూ అంటారు. బోర్డు కాలిపోయిన రోజున అదే కాగితం కోసం బీరువా మొత్తం తిరగేస్తారు.

పీణ్య పాతకాపు
మామా, కొలవాలంటే టేబుల్ కదపాలి కదా? కదిపితే రజను గీస్తుంది కదా? కడగకుండా కొలిచేదేంటి మరి, గ్రీజు మందమా?

మైక్రాన్ మామ
టేబుల్‌ని ఎక్స్, వై దిశల్లో కదపకుండా కొలవగలిగేవి ఉన్నాయి. స్పిండిల్ టేపర్ (కట్టర్ కూర్చునే వాలు రంధ్రం) తుడిచి లోపల డయల్ పెట్టండి, చేత్తో తిప్పండి. స్పిండిల్‌కి డయల్ కట్టి, టేబుల్ పైముఖం తుడిచి, దాని మీద గుండ్రంగా తిప్పండి. ఈ రెండూ చూడటానికి స్లైడ్ జరగక్కర్లేదు.

పీణ్య పాతకాపు
సరే, అంతవరకు ఒప్పుకున్నా. అది పది నిమిషాల పని. అయ్యాక విప్పాలి.

ఇనుము ప్రియుడు
నేనైతే ఆ డబ్బుతో పీణ్య పారిశ్రామికవాడలో పాత హెచ్ఎంటీ కంపెనీ మిల్లింగ్ మెషిన్ తెచ్చుకునేవాణ్ని. ఈ చిన్న మెషిన్లకి ప్రాణం ఉండదు.

పీణ్య పాతకాపు
హెచ్ఎంటీ 1953లో జలహళ్లిలో మొదలైంది. నేను పని నేర్చుకున్నది ఆ మెషిన్ల మీదే, వాటి మీద నాకున్న ప్రేమ నీకు తెలీదు. కానీ టన్ను బరువు ఆ సందులో ఎలా దొర్లిస్తాడు? ఇంటికి త్రీ ఫేజ్ ఎక్కడిది? 415 వోల్టుల స్టార్ మోటారుని సింగిల్ ఫేజ్ వీఎఫ్‌డీతో (మోటారు వేగం మార్చే డ్రైవ్) తిప్పాలంటే వైండింగ్ కనెక్షన్ని స్టార్ నుంచి డెల్టాలోకి మార్చాలి, దానికి టెర్మినల్ బాక్సులో ఆరు కొసలూ బయటికి ఉండాలి. పాత మోటార్లలో చాలావాటికి మూడే ఉంటాయి, స్టార్ ముడి లోపల వైండింగ్‌లో ఉంటుంది. అది తవ్వి తీసేసరికి తలప్రాణం తోకకొస్తుంది. అతను కొనేశాడు, వదిలెయ్.

రాగి తీగ
మెకానికల్ గొడవ మీరు తేల్చుకోండి, నాది ఒక్క మాట. కార్ షెడ్డులో ప్లగ్ పాయింట్ సాధారణంగా లైటు లైన్ మీద ఉంటుంది. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి ఈ మెషిన్ తిప్పకండి. బోర్డు నుంచి విడిగా 16 ఆంపియర్ల లైను లాగించండి, ఎర్త్ నిజంగా ఉందో లేదో టెస్ట్ చేయించండి. లోపల డ్రైవ్ బోర్డు ఉన్న మెషిన్లు ఎర్త్‌లోకి కొంచెం కరెంటు వదులుతాయి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఊరికే పడిపోతుంటే అది కారణం కావచ్చు. అలాగని దాన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చే మహానుభావులున్నారు, వాళ్ల మాట వినకండి. ఇన్వర్టర్ లైన్ మీద అస్సలు పెట్టకండి.

వీకెండ్ ఫిట్టర్
నేను రెండు తప్పులూ చేశాను, అందుకని రాస్తున్నా.

మొదటి మెషిన్ తుడిచి నేరుగా నడిపాను. ఆరు నెలల తర్వాత విప్పితే గిబ్ వెనక ఉంగరం చుట్టుకున్న ఇనుప తురుము కనిపించింది. అది నేను కోసింది కాదు, నేను అప్పటిదాకా అల్యూమినియం తప్ప ఏదీ కోయలేదు. స్లైడ్ మీద గోరు తగిలేంత గీత పడింది, ఇప్పటికీ ఉంది.

ఆ కోపంతో రెండోది కొన్నప్పుడు స్పిండిల్‌తో సహా మొత్తం విప్పేశాను. బేరింగుల బిగువు మళ్లీ కుదరలేదు. వదులుగా పెడితే కట్టర్ అరుస్తుంది, బిగిస్తే పావుగంటలో తల (స్పిండిల్ ఉండే పై భాగం) చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. చివరికి కామాక్షిపాళ్యలో ఒక షాపులో కొత్త బేరింగులు వేయించాను. స్లైడ్లు విప్పు తమ్ముడూ, తల జోలికి వెళ్లకు.

కార్‌షెడ్ కార్ఖానా
అర్థమైంది అన్నా. ఇంకో డౌటు. స్టాండు టైల్స్ మీద ఊగుతోంది, మూడు కాళ్లే ఆనుతున్నాయి. మీటరుకి 0.02 మిల్లీమీటర్ల వాలు కూడా చూపించే లెవెల్ కొనాలా? దాని ధర చూసి టెన్షన్ వచ్చింది.

మైక్రాన్ మామ
అరువైనా తెచ్చుకోండి. లెవెల్ లేకుండా మెషిన్ నిలబెట్టడం...

పీణ్య పాతకాపు
మామా, ఓడల్లో కూడా వర్క్‌షాపులుంటాయి. సముద్రం లెవెల్ చూసుకుని ఊగుతుందా? మిల్లులో ప్రతి కొలతా టేబుల్‌తో పోల్చే తీసుకుంటాం, భూమితో కాదు. కూలెంట్ (కోసేటప్పుడు చల్లబరచడానికి పోసే ద్రవం) ఒక మూలకి పారకుండా చూసుకుంటే చాలు, దానికి మేస్త్రీ రసమట్టం ఎక్కువ.

అసలు సంగతి మెలి. నాలుగో కాలు గాల్లో ఉండగా బోల్టు బిగిస్తే పోత బేస్ మెలి తిరుగుతుంది. దానికి లెవెల్ అక్కర్లేదు, డయల్ చాలు. డయల్ సూది కాలమ్‌కి ఆనించి బోల్టులు ఒక్కొక్కటీ బిగించు. ఏ బోల్టు దగ్గర సూది కదిలిందో అక్కడ సందు ఉన్నట్టు. వదులు చేసి సందులో రేకు ముక్క పెట్టు, మళ్లీ బిగించు. సూది నిద్రపోయేదాకా ఇదే పని. టైల్ కింద బోలు శబ్దం వస్తే ముందు ఆ టైల్ తీసెయ్, లేకపోతే నెలకోసారి ఇదంతా మళ్లీ చేయాలి.

మైక్రాన్ మామ
మెలి విషయంలో ఆయన మాటే కరెక్టు. నేను లేత్ (ముక్కని తిప్పుతూ కోసే మెషిన్) అలవాటుతో మాట్లాడాను. బెడ్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి అక్కడ లెవెల్ పెట్టి మెలి పట్టుకుంటాం.

బాల్కనీ బడాయి
మాది మారతహళ్లిలో మూడో అంతస్తు. బాల్కనీలో ఇలాంటిది పెట్టుకోవచ్చా?

వీకెండ్ ఫిట్టర్
వద్దు. ఇళ్ల గదుల స్లాబుకి చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. ఇది అర మీటరు స్టాండు మీద నిలబడే 300 కిలోలు, పైన కంపనం. కింద ఫ్లాట్ వాళ్లతో స్నేహం కూడా చూసుకోవాలి కదా.

కార్‌షెడ్ కార్ఖానా
రెండు వారాల తర్వాత అప్‌డేట్.

మామ చెప్పినట్టు ముందు కదపకుండా కొలిచాను. స్పిండిల్ లోపల సూది 0.01 మిల్లీమీటరు లోపే ఊగింది. టేబుల్ మీద 150 మిల్లీమీటర్ల వ్యాసం చుట్టు తిప్పితే ఎడమ, కుడి తేడా 0.03. అది తల వంచి సరిచేసుకోవచ్చు. ముందు, వెనక తేడా 0.08. ముందు వైపు సూది ఎక్కువ నొక్కుకుంటోంది, అంటే కాలమ్ నా వైపు వాలి ఉంది. ఈ మెషిన్లో దానికి సర్దుబాటు స్క్రూ ఏదీ లేదు.

ఆ కొలతల ఫోటోలు పంపి, వారంటీ దేని మీదో రాసివ్వమని అమ్మినవాళ్లనే అడిగాను. మోటారుకీ బోర్డుకీ మాత్రమేనట! నేను విప్పేది ఈ రెండూ కాదు కాబట్టి ఇక ఆగలేదు.

మా బావమరిదిని పిలిచి టేబుల్ తీశాం. గిబ్ వెనక తురుము లేదు. కానీ ఎక్స్ నట్టు మరలో నల్లటి ముద్ద ఉంది. వేళ్ల మధ్య నలిపితే ఇసుక తగిలింది. టూత్‌బ్రష్‌తో డీజిల్ పెట్టి మూడుసార్లు తోమాం, డీజిల్ తేటగా వచ్చేదాకా. కరకర పోయింది, చివర్లో బిగువు మాత్రం పోలేదు. అప్పుడు బ్రాకెట్ మీద అనుమానం వచ్చింది. టేబుల్‌ని ఆ చివరికే తెచ్చి, బ్రాకెట్ బోల్టులు వదులు చేసి, స్క్రూని తన దారిన కుదురుకోనిచ్చి మళ్లీ బిగించాను. ఇప్పుడు హ్యాండిల్ ఒక్క వేలితో తిరుగుతోంది. ప్లే 0.12.

కాలమ్‌కి లెక్క వేశాను. ముందు, వెనక బోల్టుల మధ్య దూరం 180. 150కి 0.08 అయితే 180కి సుమారు 0.1. ముందు బోల్టుల దగ్గర కాలమ్ కింద 0.1 రేకు పెట్టాలి. ఆదివారం షాపులు మూసి ఉన్నాయి, కూల్‌డ్రింక్ డబ్బా కోసి మైక్రోమీటర్‌తో చూస్తే సరిగ్గా అంతే ఉంది. పెట్టాక తేడా 0.01.

పీణ్య పాతకాపు
శభాష్. డబ్బా రేకు అల్యూమినియం, పైగా రంగు కోటింగ్. ఒత్తిడికి నలుగుతుంది. ఎస్‌పీ రోడ్డుకి వెళ్లినప్పుడు ఇత్తడి షిమ్ రేకు తెచ్చి మార్చు.

మైక్రాన్ మామ
మార్చాక మళ్లీ కొలిచి రాయండి. మొదటి జాబ్ ఏం కోశారు?

కార్‌షెడ్ కార్ఖానా
ఇంకా కోయలేదండీ. వైస్ బిగించి, కదలని దవడకి డయల్ పెట్టి సరిచేస్తుండగా కరెంటు పోయింది. టార్చి పట్టుకుని సూది చూస్తున్నా.