రోటోరువా పైన్ అడవిలో మౌంటెన్ బైకింగ్: కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
మేం న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లో ఉంటాం. వచ్చే లాంగ్ వీకెండ్‌కి నేనూ, పన్నెండేళ్ల మా అబ్బాయీ రోటోరువా వెళ్లి ఫకారేవారేవా అడవిలో బైక్ తొక్కాలనుకుంటున్నాం. వాడికి రోడ్డు మీద సైకిల్ బాగానే వచ్చు, కొండదారి మాత్రం ఇదే మొదలు. మ్యాప్ చూస్తే ఎటు చూసినా ట్రైల్సే, తల తిరిగిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? వాన పడితే మానుకోవాలా?

జవాబు:
వైపా కార్ పార్క్ దగ్గర మొదలుపెట్టండి, బైకులు అద్దెకి అక్కడే దొరుకుతాయి. ట్రైల్స్‌కి 1 నుంచి 6 దాకా గ్రేడులుంటాయి. బాబుకి ముందు గ్రేడ్ 2 చాలండి, అది చేతికొచ్చాకే 3. వాన గురించి టెన్షన్ వద్దు, అక్కడిది అగ్నిపర్వతాల ప్యూమిస్ (తేలికైన గుల్లరాయి) నేల కాబట్టి నీళ్లు నిలవకుండా ఇంకిపోతాయి. అసలు భయపడాల్సింది పైన్ వేర్లకి. తడిస్తే సబ్బులా జారతాయి. వేరు రాకముందే వేగం తగ్గించేసి, దాని మీదికెళ్లేటప్పుడు ముందు చక్రం బ్రేక్ వదిలేసి, రెండు పెడల్సూ ఒకే ఎత్తులో పెట్టి సీటు మీంచి లేచి వెళ్లమనండి. వేరుని ఏటవాలుగా దాటబోతేనే చక్రం పక్కకి లాగేస్తుంది, తిన్నగా దాటితే ఏం కాదు.

ఇంకో జవాబు:
పై మాటలన్నీ నిజం. ఒకటి కలుపుతాను. ఆ అడవి పార్కు కాదు, కలప కోసం పెంచే తోట. అక్కడ పెంచే రేడియాటా రకం పైన్ పాతికా ముప్పై ఏళ్లకి కోతకొస్తుంది, అప్పుడు ఆ పక్క ట్రైల్స్ మూసేస్తారు. బోర్డు పెట్టి ఉంటే, అటు ఎవరూ కనబడట్లేదు కదా అని దయచేసి దూరొద్దు, దుంగలు దొర్లుతుంటాయి, లారీలు తిరుగుతుంటాయి. పైగా ఆ భూమి అక్కడి మూలవాసులైన మావోరీ తెగలది, 2009లో వాళ్లకి తిరిగిచ్చారు. వాళ్లు రానిస్తున్నారు కాబట్టే మనం తొక్కుతున్నాం. బయల్దేరే రోజు పొద్దున్నే మూసివేతలు చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండి ఇద్దరికీ. అడవి చుట్టూ తిరిగొచ్చే ఫారెస్ట్ లూప్ ట్రైల్ మొత్తం ఒక్క రోజులో అవుతుందా?

జవాబు:
33 కిలోమీటర్లు, ఎక్కుడు బాగానే ఉంటుంది. మొదటిసారి పిల్లాడితో వద్దండి. టికిటపు సరస్సు వైపు కొంత దూరం తొక్కి వెనక్కి రండి. నీళ్లు ఎక్కువ పెట్టుకోండి.